బాకు మొన

నాన్న పోయాక ఆయన వస్తువుల్లో నేను అడిగి తీసుకున్నది ఒక్కటే, మొన విరిగిన బాకు. జానెడు కత్తి అలుగు, కొమ్ము పిడి, రెంటికీ మధ్య ఇత్తడి అడ్డపట్టీ. మా ముత్తాత సిపాయిగా చేసి పట్టాళం నుంచి వస్తూ తెచ్చాడని నాన్న చెప్పేవాడు. నాన్న మాటల్లో హెచ్చులుండేవి కావు. పెళ్లిభోజనం ఎలా ఉందని అడిగితే ఉప్పు సరిపోయిందని చెప్పే మనిషి.

దినాలు కాకముందే చిన్నాన్న ఆ కథ కొట్టిపారేశాడు. వాళ్ల తాత, అంటే మా ముత్తాత, పట్టాళానికి వెళ్లిన మాట నిజమేనట. "ఆ బాకు మాత్రం మీ నాన్న రాజాంలో పాత ఇనప కొట్టుకాడ కొన్నాడే. నా సిన్నప్పుడు అది ఇంట్లో నేదు," అన్నాడు. అటక మీద ముత్తాత పెట్టెలో దొరికిందని నాన్న చెప్పిన మాట. నాన్న నాకు అబద్ధం చెప్పాడా? ఆయన లేని ఇంట్లో ఆ అనుమానంతో ఉండటం కష్టమైంది.

విజయనగరంలో పాత ఆయుధాలు సేకరించే ఒక రిటైరైన చరిత్ర లెక్చరర్ ఉన్నారని తెలిసి తీసుకెళ్లాను. ఆయన బాకును కిటికీ దగ్గర అటూ ఇటూ వంచి చూశారు. అలుగు కొత్త గరిటెలా మెరిసింది.

"ఎవరు తోమారమ్మా దీన్ని?"

నాన్నేనని చెప్పాను. ఏటా దసరాకి చింతపండు, ఇటుకపొడితో తోమి, తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి ఆయుధపూజలో ఉంచేవాడు. లెక్చరర్ గారు కళ్లజోడు తీసి నవ్వారు. ఈ చుట్టుపక్కల ఇళ్ల నుంచి వచ్చే కత్తులన్నీ ఇలాగే వస్తాయట. పాత ఉక్కు మీద గోధుమరంగు పొర ఉంటుంది, కొనేవాళ్లు చూసేది దాన్నే. ఇక్కడ ఆ పొరా లేదు, ముద్రా లేదు, మొనా లేదు. పెద్ద ధర రాదన్నారు. అమ్మడానికి రాలేదని, నిజంగా పట్టాళందేనా అన్నది తెలిస్తే చాలని చెప్పాను.

అప్పుడాయన అడ్డపట్టీ మూల చూశారు. అక్కడ చెయ్యి దూరదు. తోమడం కుదరక పసుపు కుంకుమలు ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్నాయి. తీయవచ్చా అని అడిగారు. ఒక్క క్షణం వద్దనిపించింది, అవి నాన్న పెట్టిన బొట్లు. కానీ కింద ఏముందో చూడాలనే ఉంది. నూనె చుక్క వేసి వెదురుపుల్లతో గీకారు. ఎర్రటి పెళ్లలు పేపరు మీద రాలాయి. ఆ కింద సగం బాణం గుర్తు. మిగతా సగం ఇత్తడి కిందికి పోయింది.

తెల్లవాళ్ల కాలంలో సర్కారు పట్టాళం సామాను మీద కొట్టే ముద్ర అట అది. సగం పట్టీ కింద ఉందంటే పట్టీ బిగించకముందే కొట్టారు, తర్వాత ఎవరో కల్పించింది కాదు. "వస్తువు అసలుదే. మీ ముత్తాతదేనా అంటే ఇనుము చెప్పదమ్మా," అన్నారు. ఇకమీదట తోమవద్దని, నూనెగుడ్డతో తుడిస్తే చాలని చెప్పి పంపారు.

దసరాకి చిన్నాన్న వచ్చాడు. బాకు మెరవడం లేదని ముందే సణిగాడు.

"తోమనేదేటే?"

బాణం గుర్తు చూపించాను. ఫోను లైటు వేసి చాలాసేపు చూశాడు. పట్టాళం సామాను కూడా పాత ఇనప కొట్లకు వస్తాదన్నాడు. అదీ నిజమే. తర్వాత విరిగిన చోట బొటనవేలు పెట్టి, "ఇది ఎలాగ ఇరిగిందని సెప్పీవోడు నీకు?" అని అడిగాడు.

చిన్నప్పుడు నేనూ నాన్నని అడిగాను. తెలీదన్నాడు. యుద్ధంలోనా అని గుచ్చి అడిగినా, తెలీదనే అన్నాడు.

"నాకూ అంతే సెప్పినాడు," అన్నాడు చిన్నాన్న. బాకును ఒళ్లో పెట్టుకున్నాడు. "కత అల్లీవోడైతే దీనికీ ఒకటి అల్లీసీవోడే."

పసుపు గిన్నె ఇటివ్వమన్నాడు. ఈసారి బాణం గుర్తున్న మూలకు పోకుండా, పిడి మీదే బొట్టు పెట్టాడు.