ఒకే నంబరు మీద ఇద్దరు

తెలియనిది ఎవరినైనా అడగాలంటే నాకు చిన్నప్పటి నుంచీ సిగ్గు. డిగ్రీ మూడేళ్లూ అర్థమైనా కాకపోయినా తల ఊపి గట్టెక్కాను. వెబ్‌సైట్లు చేయడం కూడా ఎవరినీ అడగకుండా వీడియోలు చూసే నేర్చుకున్నాను. ఉద్యోగం కోసం పటాన్‌చెరు, సంగారెడ్డి తిరిగే రోజుల్లో బస్సు కంది దాటుతుంటే అక్కడి పెద్ద ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్ గోడ ఒక పట్టాన అయిపోయేది కాదు. లోపల చదివేవాళ్లకు అనుమానం వస్తే పక్క గదిలోనే చెప్పేవాళ్లు ఉంటారు కదా అని కడుపు మండేది. నాకున్నదల్లా ఇంటర్నెట్‌లో ప్రోగ్రామర్లు ప్రశ్నలూ జవాబులూ రాసుకునే ఒక ఫోరం. మొహం కనిపించదు కాబట్టి అక్కడ అడగొచ్చని ధైర్యం.

మాది గుమ్మడిదల దగ్గర ఒక పల్లె. అమ్మ ఊరి పక్కనే ఉన్న మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది, కాంట్రాక్టర్ కింద. పక్కింటి చిన్నమ్మది కూడా అదే పని. పిలుపుకే చిన్నమ్మ, చుట్టరికం లేదు. ఇద్దరూ ఏడేళ్లుగా ఒకే బల్ల దగ్గర నిలబడి మందు గోళీల పట్టీలు డబ్బాల్లో పెడుతున్నారు. మా బిడ్డకు కంప్యూటర్ పని వస్తుందని అమ్మ కాంట్రాక్టర్ చెవిన వేసీ వేసీ నాకు మొదటి పని ఇప్పించింది. పనివాళ్ల వివరాలు ఒక వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. కొత్త కాంట్రాక్టు మొదలయ్యే రోజున అందులోంచి జాబితా తీసి కంపెనీకి ఇవ్వాలి. జాబితాలో పేరుంటే ఆరు నెలలు పని ఉన్నట్టు. లేకపోతే ఆ ఆరు నెలలూ గేటు బయటే.

వారం రోజుల్లో చేసేశాను. వంద మంది పనివాళ్ల ఫారాలు నా చేత్తోనే ఎక్కించి, ప్రింటు తీసి, గొప్పగా కాంట్రాక్టర్ చేతిలో పెట్టాను. ఎన్ని పేర్లు వచ్చాయో లెక్కపెట్టి చూసుకోవాలని కూడా తోచలేదు.

కొత్త కాంట్రాక్టు మొదలయ్యే రోజు పొద్దున కంపెనీ గేటు ఎదురుగా ఉన్న కాంట్రాక్టర్ షట్టర్ గదిలో కూర్చున్నాను. సెక్యూరిటీ అతను జాబితా చదువుతూ ఒక్కొక్కరినీ లోపలికి పంపుతున్నాడు. అమ్మ వెళ్లింది. చిన్నమ్మ పేరు రాలేదు. ఇంకో పదమూడు మంది పేర్లు కూడా రాలేదు. వాళ్లలో సగం మంది ఒకే గదిలో కిరాయికుండే బిహార్ వాళ్లు.

కాంట్రాక్టర్ లోపలికి వచ్చాడు. "ఏందమ్మా గిది, పద్నాలుగు మంది తక్కువ అస్తున్నరు. పదకొండు గొట్టంగనే ఆఫీసోళ్లు లిస్టు మీద సంతకం పెడ్తరు. ఇగ అటెన్క నా చేతుల ఏముండదు. జెర జల్దీ సూడు."

"రెండు నిమిషాల్ల అయితది సార్," అన్నాను. ఎందుకు తగ్గారో ఆ క్షణంలో నాకు అణువంత కూడా తెలియదు.

తొమ్మిదిన్నరకు ఫోరంలో ప్రశ్న పెట్టాను. ఇంగ్లీషులో అంతకు ముందు నేను రాసినవి స్కూల్లో లీవ్ లెటర్లే. అందుకే ఇదీ అలాగే వచ్చింది. గౌరవనీయులైన సార్లకు నమస్కారాలని మొదలుపెట్టి, నా సైట్‌లో మనుషులు మాయమవుతున్నారని, వాళ్లంతా గేటు దగ్గర నిలబడి ఉన్నారని, దయచేసి త్వరగా చెప్పమని, తమ విధేయురాలినని రాశాను. అయిదు నిమిషాల్లో ఎవరో దాన్ని దిద్దారు. గౌరవం, నమస్కారం, గేటు, తొందర అన్నీ కొట్టేసి రెండు వాక్యాలు మిగిల్చారు. అక్కడి పద్ధతి అదేనట. పైగా ప్రశ్న బాగాలేదని రెండు మైనస్ మార్కులు పడ్డాయి. పరీక్ష రాయకముందే ఫెయిలైనట్టు అనిపించింది.

ఇంకెవరో కోడ్ చూపించమన్నారు. చూపించాను. ఎదురుచూస్తూ పేజీని మళ్లీ మళ్లీ రిఫ్రెష్ చేస్తున్నాను. షట్టర్ సందులోంచి చిన్నమ్మ కనిపిస్తోంది. టిఫిన్ డబ్బా సంచి ఈ భుజం మీది నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ నా వైపే చూస్తోంది. నేను తల దించుకున్నాను.

పదింటికి ఒక జవాబు వచ్చింది. "మీరు ఫోన్ నంబరునే మనిషికి గుర్తుగా పెట్టారు. అదే నంబరు మళ్లీ వస్తే పాత మనిషి పోయి కొత్త మనిషి వస్తాడు. అయినా ఇద్దరికి ఒకే నంబరు ఎందుకుంటుంది?"

ఎందుకుంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? చిన్నమ్మకు ఫోన్ లేదు. గ్యాస్ బుక్కుకు, రేషన్ కార్డుకు, బ్యాంకుకు అన్నిటికీ ఆమె ఇచ్చింది మా అమ్మ నంబరే. "ఓటీపీ అచ్చిందా బిడ్డా," అంటూ మా గడపలో నిలబడితే ఆ అంకెలు ఆమె అరచేతిలో పెన్నుతో రాసి పంపేది నేనే. బిహార్ వాళ్ల గది మొత్తానికీ ఒకటే నంబరు. నేను చూసిన వీడియోలో ఎవరో దుకాణానికి ఖాతాదారుల జాబితా చేసి చూపించారు. అక్కడ మనిషికో నంబరు. దాన్ని ఉన్నదున్నట్టు దించాను, మా వాడ గుర్తుకు రాలేదు. చిన్నమ్మ ఫారం ముందు ఎక్కించాను, అమ్మది తర్వాత. అమ్మ వచ్చి చిన్నమ్మను తుడిచేసింది. అటుదిటు అయ్యుంటే అమ్మ బయట నిలబడేది. ఆ ఆలోచన రాగానే అమ్మ లోపలే ఉందిలే అనుకుని ఊపిరి తీసుకున్నాను. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

ఫోరంలో మాత్రం హుషారు పెరిగింది. ముగ్గురు పెద్దమనుషులు దీన్ని ఎలా సరిచేయాలో వాదించుకుంటున్నారు. ఒకాయన ఫోన్లకు వేరే పట్టిక ఉండాలన్నాడు. ఇంకొకాయన పునాదే తప్పు, మొదటి నుంచి కట్టమన్నాడు. నేను నిజంగానే మొదటి నుంచి మొదలుపెట్టాను.

అప్పుడే ఇంకో వ్యాఖ్య కనిపించింది. కొట్టేసిన నా గోడును ఆయన ఎక్కడో వెతికి చదివినట్టున్నాడు. "గేటు దగ్గర మనుషులున్నారు కదా. కోడ్ సంగతి తర్వాత. ఆ పేర్లు కాగితం మీద రాసి, తప్పు నీదని చెప్పి, ఇప్పుడే తీసుకెళ్లి ఇవ్వు."

నాకు ఒళ్లు మండింది. కాగితం మీద రాసేదానికి వెబ్‌సైట్ దేనికి? నన్ను చేతకానిదాని కింద జమకట్టాడని రోషం వచ్చింది. తప్పు నాదని చెబితే కాంట్రాక్టర్ ఇంకో పని ఇస్తాడా? ఫారాల కట్ట నా మోచేతి కిందే ఉంది. పద్నాలుగు పేర్లు రాయడానికి పది నిమిషాలు చాలు. కాసేపటికి అది ప్రోగ్రామింగ్‌కు సంబంధించింది కాదని ఆ వ్యాఖ్యను కూడా తీసేశారు. పీడా పోయిందనుకున్నాను.

నా కోడ్ చక్కగా పని చేసి, పోయిన పేర్లు మళ్లీ ఎక్కించేసరికి పదకొండు ఇరవై అయింది. వంద పేర్ల ప్రింటు పట్టుకుని రోడ్డు దాటి పరుగెత్తాను. కంపెనీ ఆఫీసులో గుమాస్తా దాన్ని చేతికి కూడా తీసుకోలేదు.

"లిస్టు క్లోజ్ అయింది మేడం. ఎనభై ఆరు చాలన్నరు పైనోళ్లు. తగ్గించుమని ఎప్పటిసందో చెప్తనే ఉన్నరు."

వెనకే వచ్చిన కాంట్రాక్టర్, ఒకే ఫోన్ నంబరు వల్ల గడబిడైందని నేను చెప్పిందే చెప్పి బతిమాలి చూశాడు. అతను తల అడ్డంగా ఊపాడు. బయటికి వచ్చాక కాంట్రాక్టర్ నాతో అన్న మాట ఒక్కటే. "రెండు నిమిషాలంటివి గదమ్మా. నేను సప్పుడు జేయక కూసున్న." తిట్టి ఉంటే బాగుండేది.

గదిలోకి వచ్చి, సంతకమైపోయిన జాబితాలో మనిషిని ఎలా చేర్చాలి అని ఫోరంలో టైప్ చేశాను. పంపకుండానే చెరిపేశాను. నా పాత ప్రశ్నను, ఇది ఇంతకు ముందే ఎవరో అడిగారని చెప్పి మూసేశారు. ఆ లింకు నొక్కి చూస్తే అక్కడ ఎవరికో చెప్పుల సైజులు ఒకదాని మీద ఒకటి పడి పోయాయట. ఆయనకు బ్యాకప్ ఉందట.

డ్యూటీ దిగి వచ్చిన అమ్మ అడిగితే, కంపెనీ వాళ్లు తక్కువ మందిని తీసుకున్నారని చెప్పాను. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. అమ్మ నమ్మింది. మధ్యాహ్నం ఒక్కతే ఆ బల్ల దగ్గర నిలబడి తోచలేదని చెప్పింది.

దీపాలు పెట్టే వేళకు చిన్నమ్మ వచ్చింది. చేతిలో పాత బటన్ల ఫోను, తమ్ముడి దగ్గర అడిగి తెచ్చుకుందట.

"దీంట్ల సిమ్ము ఏయించి నాకో నంబరు తీసియ్యి బిడ్డా. మీ నంబరు ఇయ్యవట్టే గదా నీ కంప్యూటర్ల గడబిడైందట, బయట అనుకుంటున్నరు. నాదే తప్పు."

"నీదేం తప్పు చెల్లె," అంది అమ్మ. "కంపెనోళ్లే తగ్గించిన్రట."

చిన్నమ్మ ఆ మాట పట్టించుకోలేదు. నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి అడిగింది. "నా మూలంగ నీకేం మాట రాలే గద? కొత్తగ పని దొరికిందానివి."

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. అమ్మ మా వైపే చూస్తోంది.

"రాలేదు చిన్నమ్మా," అన్నాను.

"గదే సాలు బిడ్డా," అని ఆమె నా వీపు నిమిరింది.