గచ్చు మీద ఆరని తప్పు

నా చిన్నప్పుడు, చోడవరంలో ఐదో తరగతి ముగిసిన వేసవిలో, నాకు రాయడమంటే భయం పట్టుకుంది. చదవడం బాగానే వచ్చు. రాయబోతే మాత్రం ప్రతి అక్షరమూ వంకరగా కనిపించేది. చెరిపి రాసేవాణ్ణి, రాసి మళ్లీ చెరిపేవాణ్ణి. చివరికి కాగితం ఆ చోట పలచబడి చిరిగేది. సెలవులు కాగానే హైస్కూల్లో చేర్చుకునే ముందు ఒక పేరా చెప్పి రాయిస్తారు. రాయలేకపోతే స్నేహితులంతా ఆరుకు వెళ్లిపోతారు, నేను ఐదులోనే కూర్చోవాలి.

మా అమ్మ ఈ సంగతి పక్కింటి అక్కకు చెప్పుకుంది. ఆవిడ టీచరు ట్రైనింగు చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చింది. నా పుస్తకం తిరగేసి, "రాసిందానికన్నా సెరిపిందే ఎక్కువున్నాదిరా. రబ్బర్లమ్మే కొట్టోడు నీకు దండెయ్యాల," అంది.

మర్నాటి సాయంత్రం వాళ్ల పెరట్లో ధాన్యం ఆరబోసే గచ్చు మీదికి తీసుకెళ్లింది. ఎండ దిగినా గచ్చు ఇంకా కాలుతూనే ఉంది. చెంబుడు నీళ్లు, కొన నలగ్గొట్టి కుంచెలా చేసిన చెరకు ముక్క నా చేతికిచ్చింది. ఆవిడ చెబుతుంటే నేను నీళ్లతో రాసేవాణ్ణి. వాక్యం చివరికి చేరేసరికి మొదటి అక్షరాలు ఆరిపోయేవి. తప్పు రాశానని గ్రహించేలోపే అది ఆవిరయ్యేది. చెరపడానికి ఏమీ మిగిలేది కాదు. అలా రోజులు గడిచేకొద్దీ నా చెయ్యి ఆగకుండా సాగడం మొదలుపెట్టింది.

ఒకనాడు మబ్బు పట్టింది. గాలిలో చెమ్మ, గచ్చు చల్లగా ఉంది. వాక్యం మధ్యలో ఒక మాట తప్పు రాశాను. అది ఆరలేదు. అరచేత్తో తుడిస్తే పక్క మాట కూడా అలుక్కుపోయింది. ఏడుపొచ్చింది.

"ఆరట్లేదక్కా," అన్నాను.

"ఆరకపోతే ఏటైపోద్దిరా? అదలా ఉండనీ. మీదొక గీత గియ్యి, పక్కన సరైంది రాయి. సదివేవోడు గీత దాటుకుని ఎల్లిపోతాడు."

గీశాను. పక్కన రాశాను. మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను. తప్పు కళ్లెదుటే ఉంది, అయినా వాక్యం ఎక్కడా ఆగలేదు.

హైస్కూల్లో చెప్పిన పేరా పూర్తిగా రాశాను. అందులో రెండు చోట్ల గీతలున్నాయి. నన్ను ఆరో తరగతిలో కూర్చోబెట్టారు.

తరువాత సర్వే ఉద్యోగంలో చేరిన రోజున మా అధికారి, కొలతల పుస్తకంలో తప్పు పడిన అంకెను ఎన్నడూ చెరపకూడదని, ఒకే గీత కొట్టి పైన సరైనది వేయాలని చెప్పారు. తోటివాళ్లు దాన్ని కొత్త నియమంగా విన్నారు. నాకు మాత్రం చేతిలో చెరకు ముక్క ఉన్నట్టనిపించింది.

ఈ సెలవుల్లో మా వీధి పిల్లలకు మేడ మీద నీళ్లతో రాత నేర్పుతున్నాను. ఎండ బాగా కాస్తోంది, తప్పులు చక్కగా ఆరిపోతున్నాయి. నేను మాత్రం రోజూ ఆకాశం వంక చూస్తున్నాను, ఒక్క మబ్బు పట్టిన సాయంత్రం కోసం.