తొండానికో కొక్కెం

విజయవాడ వించిపేటలో బడే మియా గారి రేకుల కొట్టు ఎక్కడని అడిగితే ఎవరూ గుర్తులు చెప్పేవాళ్ళు కాదు. కాసేపు నిలబడి వినమనేవాళ్ళు. రేకు మీద కొయ్య సుత్తి పడే చప్పుడు వెంట నడిచిపోతే కొట్టు ముందు తేలేవాళ్ళం. మా అమ్మ వాడిన నేతిడబ్బా ఆయన చేసిందే. మా పల్లెలో కిరసనాయిలు డబ్బాలు, గరాటాలు, నీళ్ళ బకెట్లు చాలావరకు ఆ చేతి నుంచి వచ్చినవే. గుణదల మేరీమాత ఉత్సవాల ముందు కొవ్వొత్తులు నిలబెట్టే రేకు పళ్ళాలు కూడా ఆయన దగ్గరే చేయించుకునేవాళ్ళు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టంకం ముక్క ఉండేది. వీధిలో ఏ ముసలమ్మ చేతిలోనైనా కారుతున్న చెంబు కనిపిస్తే ఆపి, కొట్టుకు తీసుకుపోయి, చిల్లి పూడ్చి ఇచ్చేవారు. డబ్బు ఇవ్వబోతే, అదే చెంబుతో మంచినీళ్ళు తెమ్మనేవారు. తెచ్చాక నిలబడి, చెంబు అడుగు చూసుకుంటూ తాగేవారు. అదే ఆయన కూలి.

తర్వాత ప్లాస్టిక్కు వచ్చింది. తేలిక, రంగురంగులు, తుప్పు పట్టదు. తొంభైల చివరికి వచ్చేసరికి బడే మియా గారి సుత్తి చప్పుడు రోజులో ఏ కాసేపో తప్ప వినిపించేది కాదు. ఆయన బావమరిది తారిక్‌కు మార్కెట్టు దగ్గర ప్లాస్టిక్కు సామాన్ల దుకాణం ఉండేది. మంచివాడు. ఈ వయసులో పొగలో, టంకానికి వాడే నవాసారం ఘాటులో కూర్చోవడం ఎందుకని, తన దుకాణంలో ఫ్యాను కింద కూర్చుని బకెట్లు అమ్మమని ప్రేమగానే పిలిచాడు. ఆయన భార్య నఫీసా గారికీ అదే మంచిదనిపించింది. దగ్గుతో ఆయన పడే బాధ రోజూ చూసేది ఆవిడే. చివరకు బడే మియా గారు ఒప్పుకున్నారు. దసరా వెళ్ళాక కొట్టు తాళంచెవి తారిక్ చేతికి ఇచ్చేటట్టు, ఆ కొట్టు ప్లాస్టిక్కు సామాన్ల గోడౌను అయ్యేటట్టు మాట అయిపోయింది.

అలాంటి రోజుల్లో మా పుల్లయ్య బాబాయి బండి ఆ కొట్టు ముందుకు వచ్చి ఆగింది.

బాబాయిది పాత డీజిల్ పికప్పు. చల్లపల్లి దగ్గర రైసు మిల్లు నుంచి గన్నవరం అవతలి ఇటుక బట్టీలకు ఊక తోలేవాడు. ఊక బరువు తక్కువే కాని, దాని దుమ్ము చెడ్డది. పాత బండికి గాలి పీల్చే ముక్కు బానెట్ లోపల, కింద ఎక్కడో ఉంటుంది. ఇంజను వేడి గాలీ, రోడ్డు దుమ్మూ, ఊక నుసీ అన్నీ కలిపి పీల్చుకునేది. ఫిల్టరు ఎన్నిసార్లు కడిగినా నాలుగు లోడ్లకు మళ్ళీ పూడుకుపోయేది. నల్లపొగ కక్కుతూ, ఎత్తు ఎక్కలేక, ఒకసారి ఇంజను అరిగిపోయి మొత్తం విప్పవలసి వచ్చింది.

ఆటోనగర్ మెకానిక్కు మునీర్ దానికొక ఉపాయం చెప్పాడు. గాలిని కింద నుంచి కాక క్యాబిన్ పైనుంచి తీసుకురావాలి. లోపల పెద్ద బండ్లకు వేసే ఫిల్టరు పెట్టాలి. అయితే ఆ పాత మోడలుకు సరిపడే గొట్టం, ఫిల్టరు కూర్చునే పెట్టె బజారులో దొరకవు. రేకుతో చేయించాలి. ఫిల్టరు దాటిన తర్వాత ఎక్కడ సూది బెజ్జం ఉన్నా దుమ్ము సరాసరి ఇంజనులోకి పోతుంది.

"మా మామూ చేసిన డబ్బాలో కిరసనాయిలు పోసి తలకిందులుగా వేలాడదీసినా చుక్క కారదు బాబాయ్. కిరసనాయిలు ఆపినవాడు గాలిని ఆపలేడా?" అన్నాడు మునీర్. బడే మియా గారు అతనికి మేనమామ.

బాబాయికి నమ్మకం చాలలేదు. నేతిడబ్బాలు చేసే ఆయన ఇంజను పని ఏం చేస్తాడని దారి పొడుగునా నసిగాడట. బడే మియా గారు మాత్రం బండి చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తించి, లోపలికి వంగి చూశారు. ఆ రోజు ఇంటికి వెళ్ళి నఫీసా గారితో అన్నారట, ఇది ఒక్కటి చూసి మూసేస్తానని. కాని మునీర్ దగ్గర అలాంటి పాత బండ్లవాళ్ళు ఇంకొందరు ఈ పని ఎలా వస్తుందో చూద్దామని ఆగి ఉన్నారు. ఇది నిలబడితే కొట్టు నిలబడుతుంది. ఆ సంగతి ఆవిడకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఆయన దారంతో కొలతలు తీసుకున్నారు. అట్టముక్కలు కత్తిరించి బానెట్ లోపల అమర్చి చూసుకుని, ఆ అట్టల ప్రకారం రేకు కత్తిరించారు. అంచులు మడిచి, మడతలో మడత దూర్చి కొట్టి, ఆ పైన టంకం పోశారు. బండి అదురుకు అతుకులు చీలకుండా పెట్టెకూ ఇంజనుకూ మధ్య మునీర్ రబ్బరు గొట్టం వేశాడు. పై గొట్టం అద్దం పక్కనుంచి క్యాబిన్ కంటే ఎత్తుకు లేచి, ముందుకు వంగి నిలబడింది. మూతికి జల్లెడ, వాన పడకుండా పైన చిన్న టోపీ.

తర్వాత ఇంజను స్టార్టు చేయించి, ఆయన ఒక అగరుబత్తి వెలిగించారు. బాబాయి ఏదో మంచి జరగాలని వెలిగించారనుకుని దణ్ణం పెట్టుకున్నాడు. అదీ ఉందేమో నాకు తెలియదు. ఆయన మాత్రం ఆ బత్తిని ప్రతి అతుకు వెంటా నెమ్మదిగా నడిపించారు. పొగ నిటారుగా లేస్తే అతుకు మంచిది. ఎక్కడైనా పొగ వంగి రేకులోకి పోతే అక్కడ బెజ్జం ఉన్నట్టు. పెట్టె అడుగున ఒకచోట పొగ సన్నటి దారంలా లోపలికి పోయింది. ఆయన ముఖం చిన్నబుచ్చుకుని, అంతా విప్పించి, ఆ అతుకు మళ్ళీ పోశారు. రెండోసారి పొగ ఎక్కడా వంగలేదు. చివరకు బత్తిని పై మూతి దగ్గర పెట్టినప్పుడు మాత్రం పొగంతా ఒక్కసారిగా లోపలికి దూకింది.

"ఇదిగో, ఇక్కడ తాగాలి," అన్నారు. "ఇంకెక్కడా తాగకూడదు."

బాబాయి బండిని బందరు రోడ్డు మీద ఉయ్యూరు దాకా తోలి వచ్చాడు. దిగగానే ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. బండి పదేళ్ళు చిన్నదైపోయిందన్నాడు.

పల్లెకు వచ్చాక ఆ గొట్టం చూసి అందరూ తొండం అన్నారు. నిజంగానే ఏనుగు తొండం ఎత్తినట్టు ఉండేది. పిల్లలు దాన్ని చూడటానికి వచ్చేవాళ్ళు. దసరా వచ్చింది. మా బుల్లెమ్మ పిన్ని బండికి తెల్లవారే తలంటు పోసినట్టు కడిగించి, పసుపు రాసి బొట్లు పెట్టింది. తొండం ఉన్నచోట వినాయకుడున్నట్టే కదా అని, బండి ముందు భాగానికి వేయవలసిన దండ ఆ తొండానికే వేసింది. ఒత్తుగా కట్టిన బంతిపూల దండ. జారిపోకుండా కొత్త ఎర్ర రవికెగుడ్డతో మూతి చుట్టూ తిప్పి కట్టింది. కొబ్బరికాయ కొట్టాక మేమందరం హారతి కళ్ళకు అద్దుకున్నాం. ఎంత అందంగా ఉందో ఇప్పటికీ నాకు కనిపిస్తూ ఉంటుంది.

మర్నాడు మొదటి ఊక లోడు. కంకిపాడు దాటి గన్నవరం దారి పట్టాక కాలువ వంతెన ఒకటి వస్తుంది. ఆ ఎత్తు మధ్యలో బండి నల్లపొగ కమ్మేసి, దగ్గి దగ్గి ఆగిపోయింది. వెనక్కి జారకుండా చక్రాల కింద రాళ్ళు పెట్టారు. అదే మిల్లు లోడుతో వెళ్తున్న లారీ డ్రైవరు ఒకతను పక్కనే ఆపాడు.

"ఏం పుల్లయ్యా, నేతిడబ్బా తగిలించుకున్నావు, నెయ్యి గడ్డకట్టిందా?"

నలుగురు చేరారు. బానెట్ ఎత్తారు. ఒకరు డీజిల్ పైపు ఊడదీసి చూశారు, ఒకరు రేకు పెట్టె మీద తట్టి చూసి తల అడ్డంగా ఊపారు. తప్పంతా ఆ పెట్టెదేనని అందరికీ తేలిపోయింది. బాబాయి దగ్గర్లోని ఎస్టీడీ బూతు నుంచి మునీర్‌కు ఫోను చేశాడు.

మునీర్ స్కూటరు మీద వించిపేట వెళ్ళేసరికి తారిక్ కొట్టులో ఉన్నాడు. ప్లాస్టిక్కు సామాను దింపడానికి కొలతలు చూసుకుంటున్నాడు. తాళంచెవి అతని చేతిలో ఉంది. మునీర్ చెప్పింది విని బడే మియా గారు చేతిలోని సుత్తి కింద పెట్టేశారు. తారిక్‌కు జాలి వేసింది.

"పోనీలెండి భాయ్. మీరు చేయగలిగింది చేశారు. అతను డబ్బులడిగితే నేను చూసుకుంటాను."

"డబ్బులు కాదు తారిక్," అన్నారాయన. "బండి ఎక్కడ ఆగిందో అక్కడికి నేను పోవాలి."

కొట్టు సర్దడానికి వచ్చిన నఫీసా గారు లోపలికి వెళ్ళారు. టంకం కర్రు, కత్తెర ఉన్న సంచి తెచ్చి ఇచ్చారు. అందులో అగరుబత్తులు పెట్టింది ఆవిడేనట. ఆయన మరిచిపోయారు.

వంతెన దగ్గర ఆయన స్కూటరు దిగేసరికి జనం దారి ఇచ్చారు. అందులో మర్యాద ఎంతో, వేడుక చూద్దామన్నది ఎంతో చెప్పలేను. ఆయన ఎవరితోనూ వాదించలేదు. బాబాయిని ఇంజను స్టార్టు చేయమన్నారు. నల్లపొగతోనే గుడగుడమంటూ ఎలాగో ఆడింది. బత్తి వెలిగించి, పెట్టె అడుగున తను రెండోసారి పోసిన అతుకు దగ్గరే మొదట పెట్టారు. పొగ నిటారుగా లేచింది. పక్క అతుకు. నిటారుగానే. అన్నీ చూశారు. ఎక్కడా వంగలేదు.

అప్పుడాయన టైరు మీద కాలు పెట్టి పైకి ఎక్కి, బత్తిని తొండం మూతి దగ్గర పెట్టారు. అక్కడ కూడా పొగ నిటారుగా లేచింది.

ఆయన చాలాసేపు ఆ మూతి వైపు చూశారు. పొద్దుటి నుంచీ అందరి కళ్ళ ముందూ ఉన్న దండే. వాడిపోయి, మెత్తబడి, ఇంజను లాగుడుకు జల్లెడకు ముద్దలా అతుక్కుపోయింది. దాని మీద ఎర్ర రవికెగుడ్డ బిగుసుకుంది. ఎత్తులో ఇంజను గట్టిగా లాగేకొద్దీ పూలు ఇంకా దగ్గరగా హత్తుకున్నాయి. అమ్మవారి పూలు కదా, తప్పు అక్కడ ఉంటుందని ఎవరికీ తోచలేదు.

ఆయన పూలను పీకి పారేయలేదు. భుజం మీది తువాలు బానెట్ మీద పరిచి, గుడ్డ ముడి విప్పి, జల్లెడకు అంటుకున్న పూరేకలు ఒక్కొక్కటే వేలితో తీసి తువాల్లో వేశారు. ఆఖరి రేక వచ్చేసరికి ఇంజను చప్పుడు మారిపోయింది. నల్లపొగ పలచబడి తెరిపి ఇచ్చింది. తువాలు మూట కట్టి బాబాయికి అందిస్తూ చెప్పారు.

"పూజ పూలండీ. కాలువలో కలిపి రండి. బండి ఎక్కడికీ పోదు."

బాబాయి సిగ్గుతో చితికిపోయాడు. మా ఆవిడ అమాయకత్వం మియాగారూ, ఇకనుంచి తొండం మీద పువ్వన్నది పెట్టనివ్వనని అన్నాడు.

"అట్లా అనబాకండి. ఆడబిడ్డ ముచ్చటపడి వేసుకుంది. బండి అన్నాక దండ వేస్తారు, అది నాకు తెలియదా? వించిపేటలో పుట్టినవాణ్ణి, ప్రతి దసరాకీ చూస్తున్నాను. తగిలించుకునే చోటు నేను పెట్టలేదు. అది పనిలో లోపమే."

బాబాయి పూలు కాలువలో కలిపి వచ్చి బండి ఎక్కాడు. ఊక లోడుతో బండి ఆ మిగిలిన ఎత్తు ఎక్కి, వంతెన దాటి, అవతల ఆగింది. లారీ డ్రైవరు బడే మియా గారి దగ్గరకు వచ్చి, తన బావ దగ్గర ఇలాంటి పాత పికప్పే ఉందని, దానికీ ఒకటి చేసిపెడతారా అని అడిగాడు. ఆయన వంతెన అవతల ఉన్న బండినే చూస్తున్నారు. కొట్టుకు రమ్మన్నారు.

సాయంత్రం తారిక్ తనే తాళంచెవి తెచ్చి నఫీసా గారికి ఇచ్చిపోయాడు. బకెట్లు పెట్టుకోవడానికి ఇంకోచోటు చూసుకుంటానన్నాడు. ఆవిడ ఆ రోజు వాళ్ళ ఇంటికి సేమియా పాయసం పంపించింది.

తర్వాత వారంలో బాబాయి బండి తొండానికి, మూతికి బాగా కిందుగా, ఇత్తడి కొక్కెం ఒకటి వచ్చింది. తామర మొగ్గలాగా చివర వంచి, నునుపు చేసి అతికారు. పిన్ని చూసి మురిసిపోయి, గోరింటాకు కోసి నఫీసా గారికి పంపింది.

ఆ మీదట వించిపేటలో సుత్తి చప్పుడు మళ్ళీ పొద్దస్తమానం వినిపించింది. రెండువేల సంవత్సరం దాటాక కూడా బందరు రోడ్డు మీద పాత పికప్పులు తొండాలెత్తుకుని కనిపించేవి. అన్నింటికీ కొక్కేలు. కూరగాయలు తోలే శౌరమ్మ గారు తన బండి కొక్కేనికి జపమాల వేసుకుంది. కొక్కెం లేకుండా చేస్తే పని తొందరగా తెములుతుంది కదా మామూ అని మునీర్ ఒకసారి అడిగాడట.

"తెములుతుంది," అన్నారట బడే మియా గారు. "అప్పుడది వట్టి గొట్టం."

ఇప్పటికీ మా బాబాయి బండి తుడిచేటప్పుడు ముందు ఆ కొక్కేన్నే చింతపండుతో తోముతాడు. పూలు ఉన్నా లేకపోయినా అది మెరుస్తూ ఉండాలి. దారిలో ఎవరైనా తొండం చూసి ఎక్కడ చేయించావని అడిగితే ఎక్కడో చెప్పడు. ఎవరు చేశారో చెబుతాడు, ఆ పేరు చెప్పేటప్పుడు స్టీరింగు మీది చెయ్యి తీసి ఛాతీ మీద పెట్టుకుంటాడు.