ఏసీకి కప్పిన శాలువా

మొన్న ఆదివారం పొద్దున్నే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెద్దబావగారు ఒక పాత ఫొటో పెట్టారు. నందిగామలో ఆయన నడిపిన కంప్యూటర్ సెంటర్లో తీసింది. మధ్యలో మా చిన్నబావ, మెడలో దండ, భుజాన శాలువా. కుడి చివర ఒక మోచెయ్యి. ఆ మోచెయ్యి నాది. ఫొటో కింద "మన సెంటర్ స్పీడు పెంచిన మనిషి" అని రాశారు. ఇన్నేళ్లుగా నేను మొత్తుకుంటున్న సంగతిని మళ్లీ మొదటినుంచి వివరంగా రాసి పెడితే, ఆయన దగ్గరనుంచి వచ్చిన సమాధానం ఒకే ఒక్క బొటనవేలి బొమ్మ. ఆ రోజులు ఎరిగినవాళ్లు మీరైనా వింటారని ఇక్కడ రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో నందిగామ వెళ్లి మా పెద్దక్క మొగుడి సెంటర్లో పనిచేసేవాణ్ణి. అప్పట్లో కంప్యూటరున్న గదిలోకి చెప్పులతో వెళ్లకూడదు. మానిటరుకి కుంకుమ బొట్టు, పక్కనే అగరుబత్తి, దాని బూడిదంతా కీబోర్డులో. వీరులపాడు, జి.కొండూరు వైపు ఊళ్ల రైతుల పేర్లూ పొలాల వివరాలూ కంప్యూటర్లోకి ఎక్కించే పనిని ఒక రైతు సంఘం మాకు అప్పగించింది. ముగ్గురు ఆడపిల్లలు టైపు చేసేవాళ్లు, అదంతా డేటాబేసులో పోయడం నా పని. దాన్ని రిలేషనల్ డేటాబేసంటారు, అంటే పట్టికలకీ పట్టికలకీ బంధుత్వం ఉంటుందని. ఇంట్లో బంధువులతో పడేది చాలదన్నట్టు అక్కడా బంధుత్వాలే.

ఆ పోయడం ఎంత నిదానమంటే, ఒక ఊరి పేర్లు మొదలుపెట్టి, టీ తాగి, బస్టాండు దాకా నడిచివచ్చినా సగం ఎక్కేవి కావు. ఆలస్యమైతే పని విజయవాడ వాళ్లకి ఇచ్చేస్తామని సంఘంవాళ్లు కబురు పెట్టారు. పెద్దబావగారు నా వెనకే నిలబడి స్క్రీన్ వంకా నా వంకా మార్చి మార్చి చూసేవారు, రెండింటిలో ఏది మొద్దో తేల్చుకోలేనట్టు.

ఆ వారంలోనే కీసరలో మావాళ్ల గృహప్రవేశానికి వెళ్లి భోజనాల బంతిలో కూర్చున్నాను. కొత్తల్లుడొకాయన ముచ్చటపడి వడ్డనకు దిగి, గరిటెడు పప్పు తెచ్చి ఒక విస్తట్లో వేసి, మళ్లీ వంటల దగ్గరికి వెళ్లి పక్క విస్తరికి ఇంకో గరిటె తెస్తున్నాడు. చివరికి మా మేనత్త చూడలేక, "అల్లుడుగారూ, బకెట్టు పట్టుకుని తిరగాలండీ, గరిటె పట్టుకుని కాదు" అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం చేతిలో ముద్దతో ఆగిపోయాను. మా ప్రోగ్రాం చేస్తున్నదీ ఇదే. ఒక రైతు పేరు పంపడం, డేటాబేసు దాన్ని డిస్కు మీద రాసి "అయింది" అనేదాకా నిలబడడం, అప్పుడు ఇంకో రైతు. పైగా పేర్లు త్వరగా వెతుక్కోడానికి పెట్టిన ఇండెక్సులు పేరు చేరినప్పుడల్లా సర్దుకోవాలి, బంతిలోకి కొత్తమనిషి వచ్చినప్పుడల్లా అందరూ విస్తళ్లెత్తుకుని అక్షరక్రమంలో మళ్లీ కూర్చున్నట్టు.

మర్నాడే ఆ ఇండెక్సులు తీసేసి, అవి పనంతా అయ్యాక చివర్లో పెట్టుకోవచ్చనుకుని, అయిదేసి వందల పేర్లు ఒక కట్టగా పంపి, కట్టకి ఒక్కసారే డిస్కు మీద రాసి "అయింది" అనేట్టు మార్చాను. మధ్యలో కరెంటు పోతే ఆ కట్టంతా మళ్లీ పంపాలి, నందిగామలో కరెంటు పోకుండా ఉండదు, అయినా లాభమే. పేర్లు పరుగెత్తాయి.

నా ఖర్మేమిటంటే, జగ్గయ్యపేటలో ఫ్రిజ్జులు బాగుచేసే మా చిన్నక్క మొగుడు సరిగ్గా ఆ పొద్దున్నే ఒక పాత ఏసీ తెచ్చి ఆ గదిలో బిగించాడు. ఇద్దరం ఒకే బస్సులో వచ్చాం, నా ఆలోచన నా బుర్రలో, ఆయన ఏసీ బస్సు టాపు మీద. పెద్దబావగారు తలుపు తీసి, చల్లగాలి మొహాన కొట్టించుకుని, స్క్రీన్ చూసి, చల్లబడ్డందుకే కంప్యూటరు పరుగందుకుందని తోడల్లుణ్ణి కౌగలించుకున్నారు. పని గడువులోగా అయిపోయింది, సన్మానం జరిగింది, శాలువా చిన్నబావ భుజాన పడింది. నేను కట్టల సంగతి ఎత్తితే పెద్దబావగారు లడ్డూ చేతిలో పెట్టారు. చలికాలం రాగానే చిన్నబావ ఆ శాలువానే దుమ్ము పడకుండా ఏసీకి కప్పాడు. నాకు దక్కాల్సింది చివరికి ఏసీకైనా దక్కింది.

నేను ఊరుకోలేదు. మరుసటి ఎండాకాలం ఇంకో మండలం పేర్లు వచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నం ఆయన కళ్లముందే ఏసీ ఆపేశాను. పేర్లు పరుగెడుతూనే ఉన్నాయి. "పొద్దుటి చల్లదనం ఇంకా ఉంది" అన్నారు. సరేనని పాత ప్రోగ్రాం పెట్టాను, నత్తనడక మొదలైంది. "చూసావా, వేడెక్కింది" అన్నారు. మళ్లీ ఏసీ వేశాను. ఆడపిల్లలు చున్నీలు కప్పుకునేంత చలి పుట్టినా నత్త నత్తలాగే ఉంది.

"బావగారూ, ఇప్పుడేమంటారు?"

"ఏవయ్యా బామ్మర్దీ, చల్లదనం లోపలికి దిగొద్దూ?" అని ఆయన టీకి వెళ్లిపోయారు. సాయంత్రంలోగా ఆ పేర్లు పంపాలి, నా పంతానికి పని ఆగకూడదని మళ్లీ నా ప్రోగ్రామే పెట్టాను. ఆయన తిరిగొచ్చి, పరుగెడుతున్న పేర్లు చూసి, మీసం తుడుచుకుంటూ "దిగింది" అన్నారు.

ఇప్పుడా సెంటరున్న చోట సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది, గుమ్మం బయట ఎవరూ చెప్పులు విడవరు. లక్షల పేర్లు రెప్పపాటులో ఎక్కిపోతుంటే, ఎందుకంత త్వరగా ఎక్కాయని అడిగేవాళ్లే లేరు. యంత్రం మొరాయిస్తే చుట్టూ చేరి తలొక కారణం చెప్పి, దాని మీద ఏళ్లకేళ్లు పోట్లాడుకునే తీరిక మనతోనే పోయేట్టుంది. కనక అది పోకముందే అడుగుతున్నాను. పెద్దబావగారూ, బొటనవేలు వద్దు, నోటితో చెప్పండి. ఆ మధ్యాహ్నం మీరు టీ తాగి వచ్చేలోగా లోపలికి దిగింది చల్లదనమా, నేనా?