బేలర్‌లో ఊడిన పన్ను

ఆ రోజు షెడ్డులో ఉన్నవి ఇవి: వేలంలో కొన్న పాత బేలర్, దాన్ని లాగే ట్రాక్టరు, నా పనిముట్ల పెట్టె, గోడ అవతల నెమరేస్తూ పద్నాలుగు బర్రెలు. మనుషులం ముగ్గురం: డ్రైవరు పెంటయ్య, మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి ఏడాదైనా నిండని మెకానిక్‌ను నేను, డెయిరీ చూసుకునే పశువుల డాక్టరు ఎస్తేరు మేడమ్. నిన్న తార్నాక చౌరస్తాలో ఒక గడ్డి లారీ నా స్కూటరు పక్కన ఆగింది. వానకు తడిసి పులిసిన ఎండుగడ్డి వాసన. పచ్చలైటు పడ్డా నేను కదల్లేదు. వెనక ఆటోవాళ్లు తిట్టుకుంటూ దాటిపోయారు. ఆ వాసనతో పాటు ఏళ్ల కిందటి ఆ షెడ్డులో ఉన్నవన్నీ వరసగా గుర్తొచ్చాయి.

యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టళ్లకు పాలు పోసే చిన్న డెయిరీ ఒకటి ఉండేదని ఇప్పటి విద్యార్థులకు తెలియదు. వానాకాలంలో బండల మధ్య మైదానాల్లో నడుములోతు గడ్డి పెరిగేది. దాన్ని కోసి విడిగా కుప్ప పోస్తే సగం పాడయ్యేది, ఎండాకాలంలో మేత కొనాల్సి వచ్చేది. ఇంకో ఏడాది మేత కొనాల్సి వస్తే బర్రెలను అమ్మేస్తామని పైవాళ్లు తేల్చి చెప్పారు. మేడమ్ బేలర్ కోసం పట్టుబట్టింది అందుకే. అది ఆరిన గడ్డిని నేల మీద నుంచి ఎత్తుకుని, గట్టిగా నొక్కి, తాడుతో కట్టలు కడుతుంది. కట్టలైతే ఏడాది మేతంతా షెడ్డు కప్పు కింద పడుతుంది.

పాడైంది సరిగ్గా ఆ ఎత్తే భాగమే. దువ్వెనలు బిగించిన డ్రమ్ములా ఉంటుంది. తిరుగుతూ స్ప్రింగు పళ్లతో గడ్డిని దువ్వి లోపలికి తోయాలి. లోపలి బేరింగులు పట్టేయడంతో పళ్లు వేళకు వెనక్కి మడుచుకోవడం లేదు, గడ్డి డ్రమ్ముకే చుట్టుకుంటోంది. కొన్ని పళ్లు వంకరపోయాయి, కొన్ని అసలు లేవు. బేరింగులు మార్చాను. కాచిగూడలో స్ప్రింగులు చేసే అతనితో కొత్త పళ్లు చేయించాను. ఆఖరి నట్టు బిగిస్తుండగా మేడమ్ తనుండే మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి తన మోపెడ్ మీద వచ్చింది.

“అయిపోయిందా?”

“అయింది మేడమ్. బేరింగులు కొత్తయి, పళ్లు కొత్తయి. ప్రతి బోల్టుకు డబుల్ నట్టు వేసిన.”

“ఓ పన్ను ఊడితే ఏడికి పోతది?”

“ఊడదు మేడమ్.”

“ఊడతదా అని అడగలే. ఊడితే ఏడికి పోతదని అడిగిన.”

డ్రమ్ము వెనక నోటి వైపు వేలు చూపించాను. “గడ్డితోని లోపలికి. గడ్డిని నొక్కే పిస్టన్ కింద పడితే ముక్కలైతది. కట్టలకు పోతది.”

“ఆడికెళ్లి?”

నేను గోడ వైపు చూశాను.

“బర్రె మనలెక్క నమిలి మింగదు. మింగినంక తీరిగ్గ నెమరేస్తది. ఇనుపముక్క పోయి గుండె పక్క సంచిల కూసుంటది. కడుపు కోసి తీసిన బిడ్డా, ఈ చేతుల్తోని. కొన్నే బతికినయి.”

“ఏందమ్మా,” అన్నాడు పెంటయ్య, “పిలగాడు నట్లు బిగిస్తుంటె నువ్వు ఆని గుండె లూజు చేస్తున్నవ్.”

మేడమ్ నవ్వింది కానీ మాట మార్చలేదు. రోజూ సాయంత్రం పళ్లు లెక్కపెట్టాలి. లెక్క సరిపోతేనే ఆ రోజు కట్టలు లోపలికి వెళ్లాలి.

మొదటి రోజు లెక్క సరిపోయింది. రెండో రోజు పెద్ద మైదానం చేశాం, మొత్తం గడ్డిలో సగానికి పైగా అక్కడిదే. సాయంత్రం ఒక పన్ను తక్కువొచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను. అదే లెక్క. తెల్లారేసరికి ఆకాశం బాగానే ఉంది. పెద్ద మైదానం కట్టలన్నీ విప్పి వెతకమంది మేడమ్.

“గడ్డి కోసిన కాడనే పడ్డదేమో డాక్టరమ్మా,” అన్నాడు పెంటయ్య. “గింత మేత విప్పుతరా? వానొస్తే?”

వీటిని షెడ్డులో వేరుగా పెడదామన్నాను నేను.

“ఎండాకాలం మేత తక్కువైనప్పుడు వేరు గీరు ఉండదు. కొత్తోడెవడో డ్యూటీకొస్తడు, చేతికందింది ఏస్తడు. విప్పుండ్రి.”

విప్పి, పరిచి, పిడికెడు పిడికెడుగా వెతికాం. మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. విప్పిన గడ్డి పట్టడానికి షెడ్డులో చోటు లేదు. టార్పాలిన్ కొంతే కప్పింది. వాన మర్నాటికి కూడా తెరిపివ్వలేదు. తెరిపిచ్చాక గడ్డి నల్లబడి, నిన్న తార్నాకలో లారీ నుంచి వచ్చిన వాసనే వేసింది.

పన్ను పెంటయ్యకే దొరికింది, మైదానంలో, గడ్డి మోళ్ల మధ్య. కొంచెం కూడా వంగలేదు. తెచ్చి మేడమ్ అరచేతిలో పెట్టాడు.

“మంచిదే,” అంది. “ఏడికి పోయిందో తెల్సింది.” పెంటయ్య వెళ్లాక నా వైపు తిరిగింది. “నేను తప్పు చేసిన్నా, బిడ్డా?”

నేను ఆ పన్ను తీసుకుని డ్రమ్ముకు బిగించడం మొదలుపెట్టాను. ఆమె మళ్లీ అడగలేదు.

ఎండాకాలం సగంలోనే మేత అయిపోయింది. బర్రెలను వారాసిగూడ పాలవాళ్లు కొనుక్కున్నారు. మేడమ్‌ను ఏదో జిల్లాకు పంపారు. తర్వాత ఆమెను నేను చూడలేదు.

ఇప్పుడు నాచారంలో ఒక బిస్కెట్ ఫ్యాక్టరీలో పిండి కలిపే యంత్రాలు నా బాధ్యత. కొత్తగా చేరినవాళ్లు బోల్టు బిగించి “ఊడదు సార్” అంటారు. నేను మేడమ్ ప్రశ్న ఆమె మాటల్లోనే అడుగుతాను. ఒక్కటే మార్చాను: మా దగ్గర బోల్టుల లెక్క సాయంత్రం కాదు, గంటగంటకూ. ఆ రోజు మైదానంలో అలా చేసి ఉంటే విప్పాల్సినవి కొన్ని కట్టలే. ఆ ఆలోచన అప్పుడు ఆమెకు రాలేదు, నాకూ రాలేదు. వచ్చుంటే, తప్పు చేశానా అని ఆమె అడిగినదానికి జవాబు వెతుక్కునే అవసరమే ఉండేది కాదు. ఆ జవాబు నాకింకా దొరకలేదు. పన్ను కట్టల్లో లేదు, నిజమే. కానీ ఆ పొద్దున ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు.

బర్రెలను తోలుకుపోయిన రోజు మేడమ్ గేటు దాకా రాలేదు. లెక్క నన్ను చూడమంది. అన్నీ నడిచే వెళ్లాయి. పద్నాలుగు.