కారు కింద పరిచిన చాప

కిరణ్మయిది తప్పులు పట్టే ఉద్యోగం. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో లోపం వెతికి, దానికో నంబరు వేసి, రాసినవాడి ముందు పెట్టడం ఆమె పని. పద్నాలుగేళ్లలో మొహమాటపడి ఎవరినీ వదిలిపెట్టిన పాపాన పోలేదు. అలాంటి మనిషి, ఒకాయన పదిహేడేళ్లుగా కట్టి సగంలో ఆపేసిన కారును, దాని కింద ఏముందో కనీసం వంగి చూడకుండా కొనేసింది. కారణం అడిగితే నవ్వొస్తుంది. ఆ ఇంట్లో ఆమె అన్నం తిన్నది.

ప్రొద్దుటూరులో చదువుకునే రోజుల్లో కిరణ్మయి మెకానికల్ ఇంజనీరింగ్ చేస్తానంటే ఇంట్లోవాళ్లు ఆడపిల్లకు ఆ మసి ఎందుకని కంప్యూటర్సులో చేర్పించారు. ఆ మాట ఆమెకు ఇరవై ఏళ్లయినా మింగుడు పడలేదు. కళ్లకు కనపడే వస్తువు, చేత్తో పట్టుకోగలిగేది, ఒక్కటైనా చెయ్యాలని పట్టుదల. అందుకే కిట్ కారు కట్టాలనుకుంది, అంటే విడిభాగాలుగా కొనుక్కుని ఇంట్లో బిగించుకునేది. కొత్తది కొనడం తన తాహతుకు మించిన పని. ఎవరో మొదలుపెట్టి వదిలేసినదైతే చవగ్గా వస్తుంది. అలా వెతుకుతుంటే ఒక ప్రకటన కింద డాక్టర్ వెంకటాచలం అన్న పేరు కనిపించింది.

ఆయనది కాకినాడ. కార్డిఫ్‌కు పైన, కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్లో ముప్పయ్యేళ్లు జీపీగా, అంటే ఊరి డాక్టరుగా, చేసి రిటైరయ్యారు. ఫోన్లో తెలుగు వినగానే ఆయన గొంతు వికసించింది.

"ఏం చేస్తుంటావమ్మా?"

"టెస్టింగ్ అంకుల్. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని."

"అలాగా! అయితే నువ్వు తప్పకుండా రావాలమ్మా," అన్నారాయన.

ఆ ఆదివారం ఆయన గరాజ్ తలుపు పైకెత్తి చూపించారు. అరవైల నాటి టాప్ లేని రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు అది నకలు. ముదురాకుపచ్చ రంగు. ఇంజన్ ఉంది, చక్రాలున్నాయి, లైట్లు అట్టపెట్టెల్లో ఉన్నాయి. కిట్ అమ్మిన కంపెనీ మధ్యలో మూతపడటంతో దొరకని ముక్కలు కొన్ని ఆయనే చేసుకున్నారట. కారు పక్కన నేలమీద ఒక చాప పరిచి ఉంది, దానిమీద టార్చిలైటు. అప్పటిదాకా ఏదో పని చేసుకుంటూ వదిలేసి వచ్చారు కాబోలు అనుకుంది కిరణ్మయి. తను కూడా మోకాళ్లమీద వంగబోతుండగా వంటింట్లోంచి ఆయన భార్య శాంతకుమారి కేక వినిపించింది.

"ముందు భోజనానికి రండి! కారెక్కడికీ పోదు, పదిహేడేళ్ల నుంచీ అక్కడే ఉంది."

లీక్స్ అనే అక్కడి ఉల్లికాడలు వేసిన పప్పు, గుత్తివంకాయ, గడ్డపెరుగు. కొసరి కొసరి వడ్డించి, చివర్లో బొట్టు పెట్టి, జాకెట్ ముక్క చేతిలో పెట్టిందావిడ. చేతిలో జాకెట్ ముక్కతో మళ్లీ గరాజ్‌లోకి వచ్చిన మనిషి ఇక ఆ చాపమీద వెల్లకిలా పడుకుని టార్చి వేసి ఇంటాయన పనిలో వంకలు ఎలా వెతుకుతుంది? మీరైనా వెతకగలరా?

"ఎలా ఉందమ్మా?" అడిగారాయన.

"చాలా బాగుంది అంకుల్."

ఆయన మొహంలో ఏదో వెలుగు తగ్గింది. కారు పోతోందన్న బెంగేమో అనుకుందామె. ఆయన వంగి టార్చి తీసి అలమరలో పెట్టేశారు. "పూర్తయ్యాక నన్ను ఒక రౌండు తిప్పాలి. పక్క సీటు నాదే," అన్నారు.

ఇంటికి చేరిన కారు చుట్టూ ప్రదక్షిణం చేసి ఆమె భర్త శ్రీకర్ ఒకటే ప్రశ్న వేశాడు. "కింద చూసినావా?"

"లేదు. వాళ్లింట్లో తినింటి కదా, ఎట్ల చూసేది?"

"ఆఫీసులో కామా ఎగిరిపోయినా రిపోర్టు రాస్తావే తల్లీ!" అని తల పట్టుకున్నాడు.

ఇలాంటి కారుకు నంబరు ప్లేటు రావాలంటే ప్రభుత్వం వాళ్ల తనిఖీ నెగ్గాలి. వాళ్లకంటే ముందు తనే చూద్దామని కిరణ్మయి సీటు బెల్టులు బిగించే ఇనప పట్టీలను ఒక్కొక్కటిగా ఇనపకడ్డీతో మీటి చూసింది. డ్రైవరు వైపువి కదల్లేదు. పక్క సీటు పట్టీ బొట్టుబిళ్ల ఊడినట్టు ఊడి చేతికొచ్చింది. పైకి నున్నగా అరగదీసి, రంగు వేసి, ముచ్చటగా ఉంది. లోపల ఇనుముకు ఇనుము అతకనే లేదు.

పక్క సీటు నాదే అన్న ఆయన మాట గుర్తొచ్చింది. ఆ పెద్దాయన్ని కూర్చోబెట్టుకుని ఏ మలుపులోనో గట్టిగా బ్రేకు వేసి ఉంటే! ముందు ఆయనమీద కోపం వచ్చింది, ఆ తరవాత తనమీద.

ఆదివారం ఆయన ఫోన్ చేశారు. "ఎంతవరకొచ్చిందమ్మా? ఏమైనా ఇబ్బందులున్నాయా?"

"ఏమీ లేవు అంకుల్."

"ఏమీ లేవా?"

"లేవంకుల్, బాగా వస్తా ఉంది."

ప్రతి ఆదివారం ఇదే వరస. రెండోసారి రెట్టించి అడగడం ఆయన మాని ఉంటే ఆమెకు అంత బాధ ఉండేది కాదు. పదిహేడేళ్ల మురిపెం, ఎలా చెబుతుంది? చెప్పకుండా సరిచేసేస్తే పోతుందనుకుంది. కాలేజీలో సాయంత్రం వెల్డింగ్ క్లాసులో చేరింది. మొదట్లో ఆమె వేసిన అతుకులు కాకిరెట్టల్లా వచ్చాయి. చేతులమీద నిప్పురవ్వల మచ్చలు పడ్డాయి. వసంతమంతా అలా గడిచింది. క్లాసు ముగిశాక మెషీను అద్దెకు తెచ్చి, కొత్త పట్టీ తనే అతికి, నున్నగా అరగదీసి, ఆయన వేసిన ఆకుపచ్చే పైన పూసింది. పాతదానికీ దీనికీ తేడా తెలియదనుకుంది.

ఆగస్టులో దంపతులిద్దరూ కారు చూడటానికి వచ్చారు. శాంతకుమారి సోఫాలో కూర్చునేలోపే వెంకటాచలం గరాజ్‌లోకి నడిచారు. పక్క సీటు వెనక చెయ్యి పెట్టి, రోగి పొట్ట తడిమినట్టు తడిమారు.

"ఇది నేను చేసింది కాదమ్మా."

కిరణ్మయి తల దించుకుంది.

"ఊడిపోయిందా?"

"ఊడిపోయింది అంకుల్."

"మరి చెప్పలేదేం? వారం వారం అడుగుతూనే ఉన్నానుగా."

"మీ ఇంట్లో అన్నం తిన్యాను అంకుల్. ఎట్ల చెప్పేది?"

ఆయన పెద్దగా నవ్వారు. నవ్వు ఆగాక కారు అంచుమీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. "మా ఇంట్లో అందరూ తిన్నారమ్మా. మా ఆవిడ వడ్డించకుండా ఎవర్ని పంపింది గనక? పదిహేడేళ్లలో ఈ కారుని చూసినవాళ్లంతా బ్రహ్మాండం అన్నవాళ్లే. ఆ చాప ఎందుకేశాననుకున్నావు?"

ఆ రోజు ఆయన గరాజ్‌లో పరిచి ఉన్న చాప ఆమెకు గుర్తొచ్చింది.

"ఈ పట్టీమీద నాకు మొదట్నుంచీ అనుమానమే. అందుకే పని ముందుకి సాగలేదు. లాగి చూసే ధైర్యం లేదు, చూడండని నోరు తెరిచి అడిగే ధైర్యం అంతకన్నా లేదు. ఎవరొచ్చినా చాప పరిచి, టార్చి పెట్టి ఊరుకునేవాణ్ణి. నా క్లినిక్‌లో ఎంతమందికో మొహంమీదే నిజం చెప్పాను. నాకు చెప్పేవాళ్లు మాత్రం ఒక్కళ్లూ దొరకలేదు. తప్పులు పట్టే పిల్ల వస్తోందంటే హమ్మయ్య అనుకున్నాను."

కిరణ్మయికి సిగ్గేసింది. గౌరవం ఇస్తున్నాననుకుని ఇన్నాళ్లూ ఆయన అడిగిన ఒకే ఒక్క సాయం చెయ్యకుండా తప్పించుకుంది.

"సరే, అది పోనీ," అన్నారాయన. "నువ్వు వేసిన ఈ అతుకు ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు. శ్రీకర్ పైపైన చూసి బాగుందన్నాడు. తను రంగు వేసేసింది. ఆయన చేసిందే తనూ చేసింది, అదే ఆకుపచ్చతో. ఈ మాట తట్టగానే ఆమె మరి ఆలోచించలేదు. గరుకు కాగితం తీసుకుని పట్టీమీద రంగంతా గీకేసింది. ఇనుము బయటపడింది. లోపల్నుంచి చాప తెచ్చి కారు పక్కన పరిచి, టార్చి ఆయన చేతికిచ్చింది.

"వడ్డిస్తా ఉన్నా, రండి!" శ్రీకర్ పిలిచాడు.

"ఆగు! ముందు అంకుల్ చూడాల. తినినారంటే ఇంక చెప్పరు."

వెంకటాచలం ఒక చెయ్యి నేలకూ, ఒక చెయ్యి ఆమె భుజానికీ ఆనించి మెల్లగా పడుకున్నారు. ఆయన చేతిలో టార్చి కదులుతుంటే కిరణ్మయి తీసుకుని వెలుగు పట్టుకుంది. ఆయన అతుకు పొడవునా వేలితో మెల్లగా తడిమారు.

"ఈ ఎడమ మూల సరిగ్గా పట్టలేదమ్మా. ఇది ఆగదు."

పద్నాలుగేళ్లుగా తన రిపోర్టులు అందుకున్నవాళ్లకు ఎలా ఉండేదో కిరణ్మయికి మొదటిసారి తెలిసొచ్చింది. సుద్దముక్క తీసి ఆయన వేలు ఆగిన చోట గుండ్రంగా గీసింది.

"ఇంకేమన్నా ఉండాయా అంకుల్?"

"తొందరపడకు. ఇప్పుడేగా పడుకున్నాను," అన్నారాయన.