పగిలిన టమాటాల కొసరు

నేను ఎనిమిదో తరగతి మధ్యలోనే బడికి దండం పెట్టాను. అయినా రోజు మార్చి రోజు కాలేజీకి పోతుంటాను, వెనక గేటు నుంచి, హాస్టల్ వంటగదికి. కొమరోలు నుంచి గిద్దలూరుకు కూరగాయలు మోసే ట్రాలీ ఆటో నాది.

ఆ రోజు వేసుకొచ్చింది మా ఊరి అక్క టమాటాలు. భర్త పోయాక బోరు కింద ఉన్న చిన్న పొలం చెక్కలో ఒంటరిగా సాగు చేస్తోంది. కాయ ఎర్రబడే వేళకు వాన కొట్టి, సగం కాయలు తొడిమ దగ్గర సన్నగా చీలాయి. రుచికేం లోటు లేదు. "ఈ కాపు మొత్తం అమ్ముడుపోతేనే మళ్లా నారు కొనేది తమ్ముడూ. లేకుంటే చేను బీడు పెట్టి కూలికి పోవాల్సిందే" అంది దారిలో.

సరుకు కొనే సారు ఒక్కో కాయను కోడిగుడ్డులా వెలుగుకు పట్టి చూశాడు.

"చీలినవి వద్దమ్మా. పై ఆఫీసు రూలు. గుండ్రంగా, నున్నగా ఉండాల."

"సాంబార్లో పడినంక కూడా గుండ్రంగానే ఉంటాయా సార్?" అన్నాను.

వంట చేసే భాయి గరిటె మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"నీ ఆటో సంగతి నువ్వు చూసుకో!" అన్నాడు సారు.

"అది కూడా గుండ్రంగా లేదు సార్. గేట్లోకి రానిచ్చినారు, అదే పదివేలు."

నున్నటివి తూకం వేయించారు. చీలిన కాయల బాక్సులు అక్క ఎత్తబోతుంటే సారు ఆపాడు.

"మళ్లా మోసుకుపోయేదెందుకు? కొసరుగా ఏసి పో."

కొసరంటే తూకమయ్యాక అమ్మేవాళ్లు మనసుకొద్దీ వేసే గుప్పెడు. బాక్సులకు బాక్సులు కొసరడిగిన మహానుభావుణ్ణి అప్పుడే చూశాను. ఆ కాయలు వండడానికి పనికొస్తాయట, వెల కట్టడానికి పనికిరావట! పైగా భోజనాల హాలు గోడ మీద 'రైతును గౌరవిద్దాం, అన్నం పారేయొద్దు' అని రంగురంగుల రాత. దాని కిందే పారబోసిన అన్నం డ్రమ్ము అంచుదాకా.

"ఎత్తు తమ్ముడూ, అన్నీ. తూకమేసినవి కూడా" అంది అక్క.

"ఏందమ్మా, అవి మావి!"

"డబ్బులిచ్చినంక మీవి. మా గొర్రెలు ఇట్ల తిప్పి తిప్పి చూడవులే సార్, తింటాయి."

నేను బాక్సు ఎత్తాను. భాయి గరిటె దించాడు. "సార్, పప్పు ఉడుకుతాంది. పిల్లోళ్లకు ఉత్త చింతపులుసు పోసేదా? యా కాయైనా నేను కోసేదే గదా!"

సారు గడియారం చూశాడు, ఫోను చూశాడు, చివరికి కాటా చూశాడు. అన్నీ ఒకే ధరకు తూగాయి.

అంత పెద్ద సంస్థ ఏం కొంటుందో, ఎట్లా కొంటుందో దాన్ని బట్టే మా ఊళ్లో ఏ పొయ్యి వెలగాలో తేలుతుంది. మాకు దానధర్మాలు అక్కర్లేదు. ఉడికేదానికి వెల కట్టండి, ఉడికినదాన్ని పారబోయకండి. మీకూ మాకూ మధ్య ఉన్న ఎత్తుపల్లాల్లో సగం అక్కడే చదునవుతుంది. ఇది చెప్పడానికి పెద్ద చదువు కావాలా? నాకైతే అక్కర్లేకపోయింది.

డబ్బులు కొంగున ముడేసుకుని అక్క ఒక గుప్పెడు కాయలు తీసింది. సారు చెయ్యి చాచాడు. ఆమె ఆయన్ను దాటి పోయి భాయి చేతిలో పోసింది.

"ఇది అన్నా, కొసరంటే."

తిరుగుదారిలో నారు అమ్మే చోట ఆటో ఆపమంది.